మేనమామ తప్పిన తొవ్వ

నస్పూర్ కాలనీలో నల్లా ఆరింటికి వస్తుంది, ఆరున్నరకు పోతుంది. ఆ అరగంటలో వనిత రెండు డ్రమ్ములు, నాలుగు బిందెలు నింపాలి, మొగుడు నిరంజన్‌కు టిఫిన్ డబ్బా కట్టి బొగ్గుబాయి ఫస్ట్ షిఫ్టుకు సాగనంపాలి, మధ్యలో పాలు పొంగకుండా ఓ కన్ను పొయ్యి మీద వేసి ఉంచాలి. ఆ గురువారం వీటికి తోడు ఇంకో పని పడింది. పన్నెండు దాటేదాకా ఇంట్లో ఎవరూ కథ చెప్పకుండా చూసుకోవాలి.

పగటిపూట కథ చెబితే, విన్న పిల్లల మేనమామ దారి తప్పుతాడు. కథ అయిపోయేదాకా అతనికి తిరిగి దారి దొరకదు. పిల్ల తనకు తానే చెప్పుకున్నా అంతే; ఒకటి రెండు ముక్కల్లోనే ఆపేస్తే మాత్రం లెక్కలోకి రాదు. ఇది కాలనీలో అందరికీ తెలిసిందే. నల్లా టైము లాగే దీన్ని కూడా మనసులో పెట్టుకుని పనులు చూసుకుంటారు. పక్క క్వార్టర్‌లో ఉండే మక్సూదాకు అన్నదమ్ములు లేరు కాబట్టి వాళ్ల అబ్బాయి తౌసీఫ్ పొద్దున్నే టీలో బిస్కెట్ ముంచుకుంటూ దర్జాగా కథ వింటాడు. వనితకు మాత్రం విజయేందర్ అని ఒక్క తమ్ముడున్నాడు. లాస్య అని ఐదేళ్ల కూతురుంది. ఆ పిల్లకు కథ లేనిదే ముద్ద దిగదు, కథ లేనిదే జడ పడదు, కథ లేనిదే కాలికి చెప్పు ఎక్కదు.

వనిత తండ్రి ఇస్తారి ఇరవై ఎనిమిదేళ్లు బొగ్గుబాయిలో పనిచేసి, మోకాలూ ఊపిరీ రెండూ పాడై అన్‌ఫిట్ అయ్యాడు. కంపెనీ రూలు ప్రకారం ఆయన నౌకరీ కొడుకుకు రావాలి. సుల్తానాబాద్‌లో ఎవరి దుకాణంలోనో మోటార్లు బాగుచేసే విజయేందర్ చేయవలసిందల్లా, పిలిచిన రోజున కంపెనీ దవాఖానకు వచ్చి పదకొండు లోపల మెడికల్ పరీక్షకు పేరు రాయించుకోవటం. కుర్రాడికి రోగం లేదు, రొష్టు లేదు. పశువులు కూడా తప్పిపోనంత తిన్నటి రోడ్డు. అయినా రెండుసార్లు రాలేకపోయాడు.

మొదటిసారి లాస్య మక్సూదా తలుపు వెనకాల నక్కి, మాట్లాడే కుండ కథ విన్నది. మధ్యాహ్నం విజయేందర్ ఫోన్ చేస్తే అతను బాసర మెట్ల మీద ఉన్నాడు. "గోదారైతే వచ్చింది గాని అక్కా, ఊరే వేరే వచ్చింది" అన్నాడు. రెండోసారి లాస్య తన చెప్పుల జతకు తానే కథ మొదలుపెట్టి, సగంలో నిద్రపోయింది. పిల్ల లేచి కథ ముగించేదాకా, అంటే సాయంత్రం నాలుగింటిదాకా, ఆ మనిషి ఒకే చౌరస్తా చుట్టూ తిరిగాడు. ఆఫీసులో గుమాస్తా, "పగటి కథనా?" అని అడిగి ఫైలులో అట్లాగే రాసుకున్నాడు. "గీ కారణం రెండుసార్లే నడుస్తదమ్మా. మూడోసారి రాకపోతే ఫైలు మూసుడే" అని కూడా చెప్పాడు. ఈ గురువారం మూడోసారి.

"లాస్యా, ఇయ్యాల కథలు బంద్. పన్నెండు కొట్టేదాక ఒక్కటి గూడ వద్దు" అంది వనిత.

"చిన్న కథ?"

"చిన్నది గూడ వద్దు."

"పేరు లేని కథ?"

"లాస్యా!"

"సరే మమ్మీ" అంది లాస్య, ఎంతో బుద్ధిగా. ఆ బుద్ధి ఐదు నిమిషాలు నిలిచింది.

ఐదేళ్ల పిల్లను కథ చెప్పకుండా ఆపే ఉపాయం ఎవరికైనా తెలిస్తే చెప్పండి, వనిత అడ్రసు నేనిస్తాను. ముందు చిక్కుడుకాయలు ఒలవమని కూర్చోబెట్టింది. "గీ కాయల ముగ్గురు అక్కచెల్లెండ్లున్నరు. చిన్నామెకు చలి పెడ్తుంది, అందుకే" అని మొదలైంది. "అవి గింజలు. గింజలకు చలి పెట్టది" అని వనిత కాయలు లాక్కుంది. పోనీ అంకెలు చదవమంది. లాస్య గోడకు ఆనుకుని, "పదకొండు, పన్నెండు, పదమూడు" అని ఆగింది. "మమ్మీ, పదమూడుకు దోస్తులు లేరు. ఒకరోజు అది బ్యాగు సదురుకొని..."

"పద్నాలుగు!" అని అరిచింది వనిత.

కొడుకు మెడికల్ కోసమని ముందురోజే ఊరి నుంచి వచ్చిన ఇస్తారి గుమ్మం పక్కన కుర్చీలో, వంగని కాలు బారజాపుకుని కూర్చున్నాడు. "గట్ల అరిస్తే పోరికి ఇంకింత యాదికొస్తది. టీవీ పెట్టరాదు" అన్నాడు.

"టీవీల గూడ కథలే గద బాపు."

"వార్తలు పెట్టు."

"అవి ఇంకింత కథలు."

అంతలో మక్సూదా గిన్నె పట్టుకుని వచ్చింది. "వనితా, జర మజ్జిగ ఉందా? నీకు తెల్సా, నిన్న మా ఆడబిడ్డ ఫర్హీన్ ఇంట్ల ఏమైందంటే..."

వనిత ఒక్క అంగలో వెళ్లి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "ఒడిసిన ముచ్చటనా, నడుస్తున్న ముచ్చటనా?"

"నడుస్తుంది" అంది మక్సూదా వేళ్ల సందుల్లోంచి.

"అయితె అస్సలే వద్దు. పన్నెండింటికి రా, మొత్తం వింట."

మక్సూదా నొచ్చుకోలేదు. "అచ్ఛా, మెడికల్ ఇయ్యాలనా? ఫికర్ చెయ్యకు, తౌసీఫ్‌ను గూడ లోపటనే కూసోవెడ్త" అని మజ్జిగ తీసుకుని, నోరు కుట్టుకుని పోయింది.

తొమ్మిదిన్నరకు విజయేందర్ ఫోన్ చేశాడు, పెద్దపల్లి దాటానని. పదీ పదికి మళ్లీ చేశాడు, గోదావరిఖని చేరానని. టీ తాగి బయలుదేరుతానంటే, "టీ గీ ఏం వద్దు, సక్కగ రా" అని వనిత కసిరింది. ఇంకో అరగంట గడిస్తే చాలు. ఈ లోపల గరిటె అలిగింది, చెంచా దాన్ని బతిమాలబోయింది, వనిత ఆ రెండిటినీ అలమారలో పెట్టి గడియ వేసింది. ఆఖరికి లాస్య నేల మీద బోర్లా పడుకుని కాళ్లు కొట్టుకుంటూ ఏడ్చింది.

"మామకు ఆ నౌకరి ఎందుకు? మామ మోటర్లు బాగుచేస్తడు గద!"

"ఎందుకంటె, తాత చేసిండు గనుక."

"తాత ఏం చేసిండు?"

"బొగ్గు తీసిండు."

"ఎట్ల?"

అడిగినదానికి జవాబు చెబుతున్నాననే వనిత అనుకుంది. ఆ కాలనీలో ఎవరైనా అట్లాగే అనుకుంటారు. రాజులూ, మాట్లాడే కుండలూ ఉంటే కథ, పొరుగింటి ముచ్చటైతే కథ; సొంత ఇంట్లోవాళ్లకు జరిగినదాన్ని అక్కడ ఎవరూ కథ అనరు.

"పొద్దుగాల పోయి, ల్యాంపు రూంల తన నంబరు దీపం తీసుకొని, టోపీకి పెట్టుకొని దిగుతుండె. షిఫ్టు ఒడిసినంక మల్ల ఆ దీపం దాని గూట్ల పెట్టాలె. ఎవరి దీపం వాపస్ వస్తే వాళ్లు మీదికి వచ్చినట్టు."

లాస్య ఏడుపు ఆపి లేచి కూర్చుంది. "తాత నంబరెంత?"

"రెండువందల పదిహేడు. నాకు అప్పుడు ఆరేండ్లు. ఒకనాడు షిఫ్టు ఒడిసింది గాని బాపు రాలే. గంట చూసినం. కింద బండ పడ్డదని ఎవరో చెప్పిండ్రు. మా అవ్వ, గదే మీ అమ్మమ్మ, మీ మామను చంకలేసుకొని, నా చెయ్యి పట్టుకొని బాయి కాడికి ఉరికింది. మామ అప్పుడు పాలు తాగే పోరడు. ఆడ ఆడోళ్లందరు ల్యాంపు రూం కిటికి కాడ నిలవడ్డరు. ఎవ్వరు ఏడుస్తలేరు. దీపాలు లెక్కవెడుతుండ్రు. నేను గూడ లెక్కవెట్టిన. రెండువందల పదిహేను వచ్చింది. పదహారు వచ్చింది. పద్దెనిమిది వచ్చింది."

"పదిహేడు?"

"రాలే."

కుర్చీలో ఇస్తారి తల ఇటు తిప్పాడు. ఆ రోజు సంగతిలో ఆయనకు తెలిసింది కింది సగమే: చీకటి, నీళ్ల చప్పుడు, కాలి మీద బండ. పైన ఏం జరిగిందో ఆయన ఎన్నడూ అడగలేదు, ఆయనకు ఎవరూ చెప్పలేదు.

"తర్వాత?" అంది లాస్య. అప్పుడే ఫోన్ మోగింది.

"అక్కా, ఎవరో కథ చెప్తుండ్రు" అన్నాడు విజయేందర్. "గోదారి బ్రిడ్జి ఎక్కిన అనుకున్న, చూస్తే వరిపొలాల నడుమ ఉన్న. జల్ది ఒడగొట్టుండ్రి, పదిన్నర దాటింది."

వనిత ఇన్నాళ్లూ పిల్లను తిట్టింది, మక్సూదాను తిట్టింది, దారి తెలియని దద్దమ్మ అని తమ్ముణ్ని తిట్టింది. ఇప్పుడు చేజేతులా తానే చేసింది. "నేనేరా. నేనే చెప్తున్న" అంది.

"నువ్వా?" అని నవ్వాడు విజయేందర్. "సరె తియ్యి. ఈడ ఒకాయన బోరు మోటరు కాలిందని తల పట్టుకొని కూసున్నడు, నారు ఎండుతుందట. నువ్వు ఒడగొట్టేలోపు జర విప్పి చూస్త. అరె, స్టార్టర్ కాదక్కా ఇది, వైండింగే పోయింది. లోపట ఎట్ల నల్లగైందో, నువ్వు చూడాలె!"

తమ్ముడి గొంతు అంత హుషారుగా ఉండటం వనిత విని చాలా కాలమైంది. మెడికల్ మాట ఎత్తినప్పుడల్లా అతను ఎటో చూస్తూ, "సరే అక్కా" అనేవాడు. ఆ సరేలన్నీ ఆమెకు ఇప్పుడు ఒక్కసారే వినపడ్డాయి. ఆమె ఫోన్ పెట్టేసింది.

"చెప్పు బిడ్డా, ఒడగొట్టు" అన్నాడు ఇస్తారి. "పోరడు ఆగమైతడు. నేను వచ్చిన గద, గదే చెప్పు."

ఒక్క మాట చాలు. తాత వచ్చిండు అంటే కథ అయిపోతుంది, తమ్ముడికి దారి దొరుకుతుంది, ఇరవై నిమిషాల్లో దవాఖాన గేటు ముందు ఉంటాడు. ఆ మాట అనటానికి వనిత నోరు తెరిచింది.

"చీకటి పడ్డా రాలే" అంది. "మా అవ్వ మీ మామకు పాలిచ్చుడే మర్చింది. వాడు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిండు. ఇంకా రాలే."

"వనితా! నౌకరి పోతది!"

"పోనీ బాపు." ఆమెకు ఏడుపు వచ్చేసింది. "నువ్వు ఆరునెల్లు దవాఖానల పండి మల్ల దిగితివి. ఇప్పుడు మీ అల్లుడు దిగుతుండు. ఆయన ఇంటికొచ్చేదాక రోజు నా పానం నా చేతుల ఉండది. ఇంకొకరి కోసం ఆ కిటికి కాడ నిలవడుడు నాతోని కాదు. వాడు ఆకలికి సచ్చిపోనీ గాని, దిగొద్దు."

ఇస్తారికి కోపం వచ్చింది, ఆ కోపాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియలేదు. "నువ్వు గూడ లెక్కవెట్టినవా?" అని అడిగాడు చివరికి. "ఆరేండ్ల పోరివి."

"రెండువందల నలభై దాక లెక్కవెట్టిన. నాకు అంకెలు సక్కగ వచ్చింది గా రోజే."

ఇక లాస్య ఆగలేకపోయింది. పెద్దవాళ్లు ఏడ్చుకుంటారు సరే, కథ ఏమైనట్టు? ఆమె లేచి తాత దగ్గరికి వెళ్లి, వంగని మోకాలి మీద రెండు చేతులూ పెట్టి నిలదీసింది. "తాతా, నువ్వు మీదికి వచ్చినవా, రాలేవా?"

గోడ గడియారంలో పదకొండుకు ఇరవై నిమిషాలు తక్కువగా ఉంది, ఇప్పుడు ముగించినా విజయేందర్‌కు సరిగ్గా సరిపోతుంది. ఆ ఉద్యోగం కొడుకుకు రావాలనే ఇస్తారి పాడైన ఊపిరితో ఎన్ని ఆఫీసు మెట్లు ఎక్కాడో, ఎంతమంది ముందు చేతులు కట్టుకున్నాడో ఆయనకే తెలుసు. ఆయన మనవరాలిని చూశాడు, తర్వాత కూతురిని చూశాడు.

"రాలే బిడ్డా" అన్నాడు. "ఇంకా కిందనే ఉన్న."

"ఎప్పుడొస్తవ్?"

"జర సేపైతది. నువ్వు కూసో."

లాస్య ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. పదకొండు కొట్టింది. వనిత కొంగుతో ముక్కు తుడుచుకుని, వెళ్లి పొయ్యి మీద బియ్యం పెట్టింది. పన్నెండు దాటాక వచ్చి, పిల్ల తల మీద చెయ్యి వేసి, "అప్పుడు తాత వచ్చిండు" అని చెప్పింది. లాస్య పెద్దగా ఊపిరి వదిలి, తాత మెడ పట్టుకుంది.

ఒంటిగంటకు విజయేందర్ బండి వాకిట్లో ఆగింది. మోచేతుల దాకా మసి, గ్రీజు. సబ్బుతో ఎంత తోమినా వదలకపోతే అట్లాగే కంచం ముందు కూర్చున్నాడు. మెడికల్ సంగతి ఎవరూ ఎత్తలేదు. అతను మెల్లగా, ఆ రైతు రేపు మళ్లీ రమ్మన్నాడని, చుట్టుపక్కలవి ఇంకో రెండు మోటార్లు కాలి ఉన్నాయని చెప్పాడు. చెబుతూ అక్క మొహం వంక దొంగచూపులు చూశాడు.

"పో మల్ల. ఎండెక్కకముందే పో" అంది వనిత, కూర వేస్తూ.

మూడింటికి నిరంజన్ షిఫ్టు దిగి వచ్చాడు. మసిచేతుల బామ్మర్దిని గడపలోనే చూశాడు, సంగతి అర్థమైపోయింది. డబ్బా నేల మీద ఠప్పున పెట్టాడు. "మూడుసార్లు! ఫైలు మూసిండ్రు పో ఇగ. జన్మల రాదు గా నౌకరి. ఎవరు, ఎవరు చెప్పిండ్రు కథ?"

లాస్య నోరు తెరిచింది. వనిత గరిటె పట్టుకుని లేచి నిలబడింది.

"నేనే చెప్పిన" అన్నాడు ఇస్తారి.

ఆయన తన జన్మలో ఎవరికీ ఒక్క కథ చెప్పిన మనిషి కాదు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు, నిరంజన్‌కు కూడా తెలుసు. అతను ముసలాయన మొహం చూశాడు, భార్య ఎర్రటి కళ్లు చూశాడు. ఇంకేమీ అడగకుండా బూట్లు విప్పి కాళ్లు కడుక్కోవటానికి వెళ్లాడు, వనిత ఇంకో కంచం పెట్టింది.