పసుపు పెట్టిన ఒప్పందం

మా స్నిగ్ధను అంగన్‌వాడీలో వేసిన రోజు నుంచి నేను కూడా రోజూ అంగన్‌వాడీకి పోతున్నాను. తొమ్మిదింటికి పిల్లను లోపల కూర్చోబెట్టి, వెనక తలుపు దాటి, బావికి ఈవలగా ఉన్న బండ మీద కూర్చుంటాను. పిల్లలంతా ఇళ్లకు పోయేదాకా లేవను. చిక్కుడుకాయలు అక్కడే ఒలుస్తాను. బియ్యంలో రాళ్లు అక్కడే ఏరుతాను. ఒకసారి తల కూడా అక్కడే దువ్వుకున్నాను.

షగుఫ్తా టీచర్ మొదటి వారం జాలిపడింది. రెండో వారం నుంచి నవ్వడం మొదలుపెట్టింది.

"నాగరాణీ, నీ పేరు గూడ రిజిస్టర్ల ఎక్కించాల్నా? దా, ఎత్తు, బరువు చూస్త. గుడ్డు గూడ ఇస్త."

నవ్వితే నవ్వనీ. ఆ బావికి చుట్టూ గోడ లేదు. ఒకప్పుడు మోట కొట్టిన బావి. ఇప్పుడు అంచు మీద గడ్డి మోకాలెత్తు పెరిగి, నేల ఎక్కడ అయిపోతుందో, బావి ఎక్కడ మొదలవుతుందో పెద్దవాళ్లకే తెలియదు. నా పిల్లకు మూడున్నరేళ్లు. సీతాకోకచిలుక కనబడితే చాలు, కాళ్లు ముందు పోతాయి, కళ్లు వెనక వస్తాయి.

ఇన్నేళ్లు గోడ ఎందుకు కట్టలేదంటే, అది రెండు ఊర్ల కథ. మునుపు మాదంతా ఊటబండ అనే ఒకటే పంచాయతీ. కొత్త పంచాయతీలు చేసినప్పుడు పక్కనున్న గువ్వలగూడెం వేరే ఊరయింది. హద్దు గీత సరిగ్గా అంగన్‌వాడీకీ బావికీ నడుమ నుంచి పోయింది. బిల్డింగు ఊటబండది, బావి గువ్వలగూడేనిది. పిల్లలు రెండు ఊర్ల వాళ్లు.

మా ఊటబండ సర్పంచ్ లింగస్వామి. గువ్వలగూడెం సర్పంచ్ సుగుణమ్మ. వరసకు వాళ్లు వదినా మరుదులు. అందుకే తిట్టుకున్నా నవ్వుతూనే తిట్టుకుంటారు.

నేను లింగస్వామి మామ దగ్గరికి పోయి అడిగితే, "బావి మాది గాదు బిడ్డా, మా వదినెను అడుగు" అన్నాడు. సుగుణమ్మ అత్తను అడిగితే, "బావి యాడికి పోతలేదు, పిల్లలే దాని కాడికి పోతున్నరు. వాళ్లు మీ బిల్డింగుల నుంచే గద పోయేది. మా మరిదిని అడుగు" అంది.

నేను మూడు నెలలు వాళ్ల మధ్య అటూ ఇటూ తిరిగాను. చివరికి ముప్పై ఒక్కమంది తల్లులతో సంతకాలూ వేలిముద్రలూ పెట్టించి మండల ఆఫీసులో దరఖాస్తు ఇచ్చాను. పదో తరగతి సగంలో బడి మాన్పించినా దరఖాస్తు రాయడం మర్చిపోలేదు.

జవాబు వచ్చింది. రెండు ఊర్ల మధ్య పని కాబట్టి రెండు పంచాయతీలూ ఒక అవగాహన ఒప్పందం రాసుకోవాలట. తల్లుల కమిటీ తరఫున నేను కూడా సంతకం చేయాలట. రెండు ఊర్లకూ ఒక్కడే అయిన పంచాయతీ కార్యదర్శి పరమేష్ ఆ ఫారం తెచ్చి, పిల్లలు ఇళ్లకు పోయాక అంగన్‌వాడీలో పరిచాడు. దాంట్లో మూడు గళ్లున్నాయి. మొదటిది విజన్, రెండోది మిషన్, మూడోది చేయాల్సిన పనులు.

"మూడోదాంట్ల గోడ అని రాసేయ్ తమ్మీ, అయిపోతది" అన్నాను.

"గట్ల నడవదక్కా. మొదటి రెండు నింపకుంటె మూడోది సూడనే సూడరు" అన్నాడు పరమేష్. "విజన్ అంటె దూరం సూసుడు. మిషన్ అంటె ఆడికి ఎట్ల పోవాల్నో సెప్పుడు."

"దూరం అంటె ఎంత దూరం?" అని లింగస్వామి అడిగాడు.

"ఎంతైనా సూడొచ్చు సర్పంచ్ సాబ్. దానికి లిమిట్ లేదు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఇద్దరు సర్పంచులూ పిల్లల కుర్చీల మీద మోకాళ్లు గడ్డాలకు ఆనించి కూర్చున్నారు. లింగస్వామి గొంతు సవరించుకుని, "రాయి, దేశానికే ఆదర్శం" అన్నాడు.

సుగుణమ్మ కొంగు బిగించింది. "నువ్వు దేశం అన్నంక నేను జిల్లా కాడ ఆగుత్నా? ప్రపంచ స్థాయి అని రాయి పరమేషూ. అది మా గూడెం తరఫున."

"ప్రపంచం ముందు వస్తె ఎట్ల వదినె? మా ఊరు పెద్దది."

"మాది కొత్తది. కొత్త కోడలికి ముందు పెడతరు."

ఆ రోజు అంతటితో అయిపోయింది. తర్వాతి వారం అభ్యున్నతి అనే మాట మీద గడిచింది. ఆ తర్వాతి వారం ఎవరి ఊరి పేరు ముందు రాయాలనే దాని మీద. చివరికి 'రెండు గ్రామాలు' అని రాసి ఇద్దరినీ సముదాయించాడు పరమేష్. ఇంటికి పోయి ఫోన్‌లో ఏవేవో ఒప్పందాలు చూసి ఇంకొన్ని మాటలు తెచ్చి కలిపాడు. ఆఖరుకు విజన్ ఇట్లా తేలింది:

'రెండు గ్రామాల పసిపిల్లలు ప్రపంచ స్థాయి వికాసంతో, దేశానికే ఆదర్శప్రాయమైన సర్వతోముఖ అభ్యున్నతితో, నవయుగ నిర్మాణ సారథులై, స్వర్ణమయ భవిష్యత్తు అనే ఇంటికి క్షేమంగా చేరుకోవడం.'

మిషన్ గడిలో, 'పై దార్శనికతను సాధించుటకై బహుముఖ వ్యూహాలతో నిరంతరం కృషి చేయుట' అని ఉంది. మూడో గడిలో, 'అవసరమైన ఇతర పనులు.'

నేను రెండుసార్లు చదివాను. వేలు పెట్టి ఇంకోసారి చదివాను.

"తమ్మీ, గోడ యాడుంది?"

"ఇతర పనులల్ల ఉన్నదక్కా."

"నాకు కండ్లకు కనవడ్తలేదు."

సుగుణమ్మ నవ్వింది. "మా సూపు ప్రపంచం దాంక పోయింది. నాగరాణి సూపు బావి కాడ్నే ఆగింది. ఏం జేద్దాం!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను. కానీ మృగశిర కార్తె రావడానికి నెల కూడా లేదు. వానలు పడితే ఆ అంచు మట్టి జారుతుంది.

సంతకాల రోజు మా ఆయన తల్లి, మా అత్త కూడా వచ్చింది. రెండు ఊర్లు కలిసి కాగితం రాసుకుంటున్నాయంటే ఆవిడకు లగ్నపత్రికే గుర్తొచ్చింది. ఎవరూ చెప్పకముందే పసుపు తడిపి తెచ్చి, ఫారం నాలుగు మూలలకూ పెట్టేసింది. పరమేష్ "అయ్యో, ఒరిజినల్ అది పెద్దమ్మా!" అనేసరికి నాలుగో మూల కూడా అయిపోయింది.

"ఒరిజినల్‌కే పెడతరు బిడ్డా. నకలుకు పెడతరా ఎవరన్న?" అంది మా అత్త. "ఇగ సదువుండ్రి. రెండు దిక్కుల పెద్దమనుషులు వినంగ సదివితేనే కాయితం."

లింగస్వామి కళ్లద్దాలు ఇంట్లోనే మర్చిపోయి వచ్చాడు. సుగుణమ్మ, "తల్లుల కమిటీ ఉన్నది గద, నాగరాణిని సదవమను" అంది. నన్ను లోపలికి పిలిచారు.

స్నిగ్ధను చేర్చిన నాటి నుంచి పిల్లలున్నంతసేపు నేను ఆ బండ దిగి లోపలికి రావడం అదే మొదటిసారి. పిల్లలు ఒక మూల బొమ్మలతో ఉన్నారు. షగుఫ్తా టీచర్ అందరికీ చాయ్ పోస్తోంది. నేను కాగితం పట్టుకుని నిలబడ్డాను. 'ప్రపంచ స్థాయి వికాసం' బాగానే దాటాను. 'సర్వతోముఖ అభ్యున్నతి' దగ్గర నాలుక తడబడింది. 'సారథులై' అని తల ఎత్తాను.

మూలన బొమ్మలున్నాయి. పిల్లలు లేరు. వెనక తలుపు తెరిచి ఉంది.

నా నోటి నుంచి ఏమొచ్చిందో నాకు తెలియదు. నాకన్నా ముందు లింగస్వామి ఉరికాడు. ఆ పిల్లల కుర్చీ ఆయన నడుముకు ఇరుక్కుని కొంతదూరం ఆయనతోపాటే వచ్చింది. సుగుణమ్మ చెప్పులు విడిచి, చీర ఎగ్గట్టి ఉరికింది. షగుఫ్తా టీచర్ చేతిలోని చాయ్ గిన్నె ఎక్కడ పడిందో పడింది. నేను మాత్రం గడప దగ్గరే రెండు క్షణాలు కాళ్లు రాక నిలబడిపోయాను. ఏడు నెలలు కాపలా కాసిన దాన్ని, ఆ రెండు క్షణాలు నేనే కదలలేకపోయాను.

బయటికి వచ్చి చూస్తే మా స్నిగ్ధ నా బండ మీద కూర్చుని ఉంది. అచ్చం నేను కూర్చున్నట్టే, ఒక కాలు మడిచి. చేతిలో చీపురు పుల్ల. ఆ రోజు వచ్చిన మిగతా పదకొండుమంది పిల్లలు దాని ముందు వరసగా నిలబడ్డారు.

"ఎవ్వరు ఈడికెళ్లి పోవద్దు" అని అరుస్తోంది. "మా అమ్మ లోపటికి పోయింది. గిప్పుడు నేనే అమ్మను. పోతె కాళ్లిరగ్గొడ్త!"

నేను పిల్లను పట్టుకుని నేల మీద కూలబడ్డాను. పిల్ల నా చంకలో నుంచే పుల్ల ఆడిస్తూ ఇంకొకడిని బెదిరిస్తోంది.

లింగస్వామి నడుముకున్న కుర్చీ పీకేసుకుని, రొప్పుతూ బావి అంచు దాకా పోయాడు. తొంగి చూశాడు. కాలి కింద మట్టి పెళ్ల ఒకటి విరిగి లోపల పడింది. చాలాసేపటికి చప్పుడు వినిపించింది. ఆయన మెల్లగా వెనక్కి వచ్చాడు. సుగుణమ్మ మొహం కూడా తెల్లబోయింది.

లోపలికి వచ్చాక లింగస్వామి అన్నాడు. "ఆ కాయితం చింపు పరమేషూ. కొత్తది రాద్దాం."

"చింపుతరా?" మా అత్త లేచి నిలబడింది. "పసుపు పెట్టిన కాయితం చింపుతరా? లగ్గం కాయితం చింపినట్టే. ఇగ రెండూర్లు ఎన్నడన్న కలుస్తయా?"

కాగితం మీద ఎవరూ చెయ్యి వేయలేదు. సర్పంచులకు కూడా ధైర్యం చాలలేదు. పరమేష్ తల గోక్కున్నాడు. "చింపకుంటె కొట్టేసి రాసుకోవచ్చు. కాని కొట్టేసిన ప్రతి కాడ ఇద్దరు సంతకాలు పెట్టాలె."

"సరే" అంది సుగుణమ్మ. "మరిదీ, నీ దేశం తీస్తవా?"

"నువ్వు ప్రపంచం తీస్తె తీస్త."

"నేను ప్రపంచం తీసినంక నువ్వు దేశం తియ్యకుంటెనో?"

"ఒక్కసారే తీద్దాం వదినె. పెన్ను నడుమ పట్టుకో."

ప్రపంచం పోయింది. దేశం పోయింది. ఇద్దరూ పక్కన సంతకం పెట్టారు. అభ్యున్నతి తీసేసేటప్పుడు లింగస్వామి కొంచెం బాధపడ్డాడు, ఆ మాట ఆయన మేనల్లుడిని అడిగి తెచ్చింది. సారథులు పోయారు. 'స్వర్ణమయ భవిష్యత్తు అనే' కూడా పోయింది. పరమేష్ చదువుతున్నాడు, వాళ్లు కొట్టేస్తున్నారు, కాగితం అంచు అంతా సంతకాలతో చీమల బారులాగా నిండింది. చివరికి మిగిలింది నన్నే చదవమన్నారు.

'రెండు గ్రామాల పసిపిల్లలు ఇంటికి క్షేమంగా చేరుకోవడం.'

ఈసారి నాలుక తడబడలేదు.

మిషన్ గడిలో ఉన్నది కూడా కొట్టేయించి, "ఈడ ఏం రాయాలె?" అన్నాడు పరమేష్.

"బావికి గోడ, గేటు, వానలకు ముందు" అన్నాను.

"ఎంత ఎత్తు అక్కా?"

"నడుమెత్తు."

"ఎవరి నడుము?" అని సుగుణమ్మ అడిగింది. ఆవిడ పొట్టి మనిషి. "నా నడుమైతె మేకపిల్ల గూడ దుంకుతది. మా మరిది నడుము పెట్టుండ్రి. ఇందాక కుర్చీ ఇరికిన కాడ కొలువుండ్రి."

అందరితోపాటు లింగస్వామి కూడా నవ్వాడు. నిలబడ్డాడు. పరమేష్ టేపు పెట్టి కొలిచాడు. మూడడుగుల నాలుగంగుళాలు. కాగితం మీద ఆ అంకె అట్లాగే రాశాడు. నేను కింద సంతకం చేశాను.

ఆఫీసు నుంచి ఒక్క ఫోన్ వచ్చింది. జిరాక్స్‌లో నాలుగు మూలలూ నల్లగా వచ్చాయి, కాగితం ఎక్కడైనా కాలిందా అని అడిగారట. "కాలలే సార్, కలిసింది" అని చెప్పానని పరమేష్ ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటాడు. నిజంగా అన్నాడో లేదో దేవుడికెరుక.

మృగశిరకు నాలుగు రోజుల ముందు గోడ పూర్తయింది. గేటుకు రెండు తాళాలు. ఒకటి ఊటబండది, ఒకటి గువ్వలగూడేనిది. ఇద్దరూ వస్తేనే తెరుచుకుంటుంది. ఆ ఇద్దరూ ఒకే సమయానికి రావడం ఎంత కష్టమో అందరికీ తెలుసు కాబట్టి, దానంత గట్టి తాళం జిల్లాలో లేదని షగుఫ్తా టీచర్ అంటుంది.

ఆ సోమవారం స్నిగ్ధను లోపల దింపి, బండ వైపు చూడకుండా ఇంటికి వచ్చేశాను. ఇల్లు ఊడ్చాను. ఊడ్చిన ఇల్లే మళ్లీ ఊడ్చాను. చిక్కుడుకాయలు ఒలవడానికి కూర్చుంటే చేతులు పని చేశాయి గానీ చెవులు అంగన్‌వాడీ వైపే ఉన్నాయి. పదకొండు కొట్టేసరికి అంగన్‌వాడీ ముందున్నాను.

టీచర్ తలుపు దగ్గరే నిలబడి ఉంది, నేను వస్తానని ముందే తెలిసినట్టు.

"మల్ల ఏమైంది నాగరాణీ? గోడ కట్టిన్రు, గేటు పెట్టిన్రు, రెండు తాళాలు ఏసిన్రు. ఇంక దేనికి ఫికర్?"

"ఏం లేదు టీచర్" అన్నాను. "మా పిల్ల గోడలెక్కుడు ఎన్నడు నేర్సుకుంటదో అని."

ఆవిడ లోపలికి పోయి, ఉడికించిన గుడ్డు ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. ఒల్చుకుని తింటూ బండ మీద కూర్చున్నాను. ఇప్పుడు అక్కడి నుంచి చూస్తే బావి కనబడదు, గోడే కనబడుతుంది.