ఆషాఢం దాకా ఆగిన ప్రశ్న

కనకలక్ష్మి ఆ ప్రశ్నను ఏడాదిగా నోట్లోనే ఉంచుకుంది. అడగాల్సిన మనిషి దూరంగా ఏమీ లేదు. ఎదురింటి దేవమ్మ. సీతాఫల్‌మండి స్టేషను మెట్ల దగ్గర పూలు అమ్ముకునే మనిషి. కాని దేవమ్మను అడిగి లాభం లేదు. అడగాల్సింది బోనాల నాడు దేవమ్మ ఒంటిమీదికి వచ్చే పోచమ్మ తల్లిని.

అసలు అడగకపోలేదు. కూతురు భానుప్రియ చనిపోయిన నెలరోజులకే రోడ్డు దాటి వెళ్ళి, ఆ రోజు అలా ఎందుకన్నావని నిలదీసింది. దేవమ్మ తలెత్తకుండా మాల కట్టుకుంటూనే, అన్నది తాను కాదనీ, శివమెక్కినప్పుడు తన నోట ఏం వచ్చిందో ఎన్నడూ తనకు యాదికుండదనీ చెప్పింది.

"తల్లి మాట తల్లినే అడగాలె టీచరమ్మా."

సరే, తల్లినే అడుగుదాం అనుకుంది కనకలక్ష్మి. బళ్ళో లెక్కలు చెప్పింది, పరీక్ష పేపర్లు దిద్దింది, ఆషాఢం కోసం కాచుకుని కూర్చుంది.

భానుప్రియకు మాధాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చినప్పుడు వీధి వీధంతా తమ పిల్లకే వచ్చినట్టు చెప్పుకుంది. పొద్దున్నే లోకల్ రైలుకు పరుగెడుతుంటే దేవమ్మ మెట్ల మీదే ఆపి తల్లో మల్లెపూలు తురిమేది. నిరుడు ఆషాఢంలో ఆ పిల్లకు జ్వరం వచ్చింది. నర్సింగ్‌హోం డాక్టరు రెండు రోజులు చూసి, రక్తంలో కణాలు పడిపోతున్నాయి, పెద్దాసుపత్రికి మార్చండి అన్నాడు. భర్త దేముడుబాబు అంబులెన్సు మాట్లాడబోయాడు. ఆ రోజు బోనాలు. స్నానం చేసి వద్దామని ఇంటికి వచ్చిన కనకలక్ష్మి, గేటు ముందుకు బోనం రాగానే దేవమ్మ కాళ్ళ మీద నీళ్ళు పోసి, ఆ కాళ్ళ మీదే పడింది. నెత్తిన బోనంతో ఊగుతూ దేవమ్మ అంది: "నీ బిడ్డ నా ఒళ్ళో ఉన్నది. కదిలియ్యకు."

కనకలక్ష్మి కదిలించనివ్వలేదు. ఎప్పుడూ గుడి మెట్లు ఎక్కి ఎరగని దేముడుబాబు ఆసుపత్రి వరండాలో ఆమెతో గట్టిగానే వాదించాడు. చివరికి తల్లి మాట ఇచ్చిందన్న ఆమె మాటే నెగ్గింది. మర్నాటికి మార్చడానికి ఏమీ మిగల్లేదు.

కర్మకాండ అయిన మర్నాడు ఆమె దేవుడి పటాలన్నీ పాత పేపర్లలో చుట్టి అటక మీద పడేసింది. దేముడుబాబు స్టూలు వేసుకుని మళ్ళీ దింపాడు. రైల్వే ఆఫీసుకు వెళ్ళేముందూ వచ్చాకా రోజూ దీపం పెట్టడం మొదలుపెట్టాడు. ఆమెకు అది తన మీద కక్షలాగే కనిపించింది. అతను గంట వాయిస్తే ఆమె మిక్సీ వేసేది. ఆ ఇంట్లో మాటలకు బదులు ఆ రెండు చప్పుళ్ళే ఉండేవి. ఆ రోజు వద్దన్నది నువ్వేనని అతను ఒక్కసారైనా అనలేదు. అనకపోవడమే ఆమెకు ఎక్కువ మండేది.

ఈ ఏడు బోనాలకు ముందురోజు సాయంత్రం దేవమ్మ తమ్ముడు లక్ష్మణ్ వచ్చాడు. డప్పులవాళ్ళను మాట్లాడేదీ ఊరేగింపును నడిపించేదీ అతనే. కుర్చీ చూపించినా కూర్చోలేదు. టీచరమ్మ రేపు తల్లిని ఏదో అడుగుతుందట అని వీధిలో అనుకుంటున్నారని చెప్పాడు.

"బొల్లారంల మీ చుట్టాలున్నరు గద. రేపొక్కరోజు తాళం ఏసుకొని ఆడికి పోరాదుండ్రి. సదువుకున్నోళ్ళు, తల్లితోని పంచాయితీ పెట్టుకుంటే మంచిగుంటదా? జెర సమఝ్ చేసుకోండ్రి."

"నా గేటు ముందు నేను నిలబడడానికి ఎవరి పర్మిషను కావాలో చెప్పు లక్ష్మణ్. వెళ్ళి తెచ్చుకుంటాను."

లక్ష్మణ్ వెనుదిరిగాడు. వెళ్తూ వెళ్తూ గేటును కాస్త గట్టిగానే వేశాడు.

దేముడుబాబు దీపంలో నూనె పోస్తున్నాడు. శ్రీకాకుళం వదిలి పాతికేళ్ళయినా అతని మాట మారలేదు.

"ఆ ఆడమనిషిని పదిమందిలో నిలబెట్టీసి ఏటి సాధిస్తావే?"

"అక్కడ ఏమీ లేదని అందరికీ తెలియాలి. నీకు కూడా." ఆమె దీపం వంక చూసింది. "నిజం చెప్పు. అది పెట్టి లేచేటప్పుడు, ఎవరూ లేరేమో అని ఒక్కనాడూ అనిపించదా నీకు?"

"అనిపించని రోజేది?"

"మరెందుకీ నాటకం?"

"మరెవల్తో దెబ్బలాడమంటావు? దెబ్బలాటకి ఎదర ఒకలుండాలి కదేటి." వత్తి ఎగదోశాడు. "నువ్వూ అందుకే కదే నిలబడతానంటన్నావు. లేనిదాన్ని ఎవలైనా అడుగుతారా?"

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. రుబ్బడానికి ఏమీ లేకపోయినా మిక్సీ వేసింది.

మర్నాడు ఎండ మండిపోయింది. ఆషాఢం సగం గడిచినా చినుకు లేదు. మొన్ననే వేసిన తారురోడ్డు మధ్యాహ్నానికి మెత్తబడింది. డప్పులు వీధి మలుపు తిరిగేసరికి కనకలక్ష్మి బిందెనిండా నీళ్ళు, అందులో పసుపూ వేపమండలూ వేసుకుని గేటు ముందు నిలబడింది. ఇంటింటి ముందూ ఆడవాళ్ళు నీళ్ళు పోస్తున్నారు. దేవమ్మ నెత్తిన బోనం, బోనం మీద దీపం. ముఖమంతా పసుపు, జుట్టు విరబోసుకుని ఊగుతూ వచ్చి గేటు ముందు ఆగింది.

కనకలక్ష్మి నీళ్ళు పోయలేదు.

"పోయిన ఏడు ఇక్కడే నిలబడి నా పిల్ల నీ ఒళ్ళో ఉందన్నావు. కదిలించొద్దన్నావు. కదిలించలేదు. ఇప్పుడెక్కడుంది నా పిల్ల?"

వెనక ఎవరో అపచారం అన్నారు. డప్పులు ఆపొద్దని లక్ష్మణ్ కేక వేశాడు. వాళ్ళు ఇంకా గట్టిగా వాయించారు. దేవమ్మ ఊగుతూనే ఉంది. కనకలక్ష్మి ఆమె కళ్ళలోకి చూసింది. తర్వాత కాళ్ళకేసి చూసింది.

అప్పుడు కనిపించింది. దేవమ్మ ఒక పాదం ఎత్తి దించుతోంది. అది దించి రెండోది ఎత్తుతోంది. తాళానికి కాదు. ఇన్నేళ్ళుగా ఇదే రోడ్డు మీద చాప మీద నిలబడ్డట్టు నిలబడే మనిషికి ఇవాళ కాళ్ళు కాలుతున్నాయి.

ఆమె గమనించిందని దేవమ్మకు తెలిసిపోయింది. మెల్లగా ఒక అడుగు ముందుకు వేసి, డప్పుల మోతలో ఒక్క కనకలక్ష్మికే వినబడేట్టు అంది.

"గా మాట నాకు యాదికున్నది టీచరమ్మా."

కనకలక్ష్మి బిందెను నడుముకు అదుముకుంది.

"ఎన్నడేమన్ననో ఒక్కటి యాదికుండది. గదొక్కటి ఉన్నది. తల్లే అన్నదో, నీ మొఖం జూసి నేనే అన్ననో నాకు సుత తెల్వది. ఏడాది సంది తల్లిని అడుగుతున్న, చెప్తలేదు. ఇయ్యాల అసలు రానే లేదు." మళ్ళీ పాదం మార్చింది. "చెప్పు. అందరికీ చెప్పు. కాని నీళ్ళు పొయ్యి."

ఏడాదిగా ఆమె కోరుకున్నది ఇదే. గొంతెత్తి ఒక్క మాట అంటే చాలు, దేవమ్మ మళ్ళీ ఈ వీధిలో బోనం ఎత్తదు. లక్ష్మణ్ చూస్తున్నాడు. వీధంతా చూస్తోంది. కనకలక్ష్మి నోరు తెరిచింది. దేవమ్మ అన్నది తల్లి మాటే కాకపోతే, మరి ఆసుపత్రి వరండాలో తను దేన్ని నమ్మి అంబులెన్సు వద్దంది? ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది దేవమ్మ కాదు, తానే.

బిందె దేవమ్మ ముందు దించింది.

"పోసుకో."

నెత్తిన బోనం ఉన్న మనిషి వంగడానికి వీల్లేదని ఆమెకు తెలుసు. తెలిసే అంది. వెనుతిరిగి లోపలికి వచ్చేసింది. దేముడుబాబు ఆమెను దాటుకుని బయటికి వెళ్ళడం, నీళ్ళ చప్పుడు, డప్పులు పక్కింటి వైపు కదలడం లోపలినుంచి విన్నది.

అతను తడిచేతులతో తిరిగి వచ్చాడు.

"రాలేదట," అంది ఆమె.

"ఎవలు?"

"నువ్వు నీళ్ళు పోసిన తల్లి."

"నాను దేవమ్మ కాళ్ళకి పోసినాను. బొబ్బలెక్కీసినాయి."

డప్పుల మోత వీధి చివరికి పోయింది. తర్వాత ఆమె గోడతో అన్నట్టు అంది.

"ఆ రోజు వద్దన్నది నేను. ఒక్కసారైనా అనవేం?"

అతను తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. వేలు వేలూ తుడుచుకున్నాడు.

"రోజూ అంటన్నాను. దీపం దగ్గర."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆమె మిక్సీ వైపు వెళ్ళలేదు. బయటికి వెళ్ళింది. పోసిన నీళ్ళు అప్పుడే ఆవిరైపోయాయి. వేపాకులు తారుకు అంటుకుని ఉన్నాయి. వీధి చివర పోచమ్మ గుడిలో బోనం దించి, దేవమ్మ మళ్ళీ ఈ దారినే ఇంటికి రావాలి. చెప్పులు లేకుండానే.

కనకలక్ష్మి ఖాళీ బిందె తీసుకుని కుళాయి కింద పెట్టింది. నిండాక తెచ్చి గేటు బయట రోడ్డు వారగా ఉంచింది. పసుపు వేయలేదు. వేపమండ వేయలేదు. మునిగేట్టు ఒక చెంబు వేసింది.

గేటు మాత్రం మూసి, గడియ పెట్టింది.