పెద్దకోడలి కుడిభుజం

ఆరబెట్టే యంత్రం నుంచి అప్పుడే వచ్చిన దుప్పటి ఇంకా వేడిగా ఉంది. పెద్దకోడలు తన వైపు రెండు మూలలూ పట్టుకుని, కుడి మోచేతిని డొక్కకు గట్టిగా ఆనించి, నడుము వెనక్కి వాల్చింది. అటు చివర చిన్నకోడలు ఒక అడుగు వెనక్కి వేసి ఒక్క విసురు విసిరింది. దుప్పటి గాలి పోసుకుని లేచి, మెల్లగా దిగింది. మడత, మళ్ళీ మడత. ఇద్దరూ దగ్గరికి నడిచి, మూలలు చేతులు మార్చుకుని, మళ్ళీ దూరం జరిగారు.

"మెల్లగా లాగవే. నా చెయ్యి కూడా ఊడి నీ వైపు వచ్చేస్తుంది."

"వస్తే మడిచి బీరువాలో పెడతాలే అక్కా. నీ పేరు రాసి మరీ పెడతా."

ఆసుపత్రి నేలమాళిగలోని ఆ బట్టల హాల్లో వాళ్ళిద్దరినీ అందరూ పెద్దకోడలు, చిన్నకోడలు అనే పిలుస్తారు. ఒకే ఇంటి అన్నదమ్ముల భార్యలు. పందొమ్మిదేళ్ళుగా ఒకే దుప్పటికి చెరో చివరా ఉన్నారు. పైన వార్డుల్లో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా, ఆ మంచం మీది దుప్పటి మర్నాటికి వీళ్ళ చేతుల్లోకి రావలసిందే.

అన్నదమ్ములకు మాత్రం ఆరేళ్ళుగా మాటల్లేవు. ఉమ్మడి ఇంట్లో కారుతున్న కుళాయిని ఎవరు బాగుచేయించాలన్న దగ్గర మాటా మాటా పెరిగి, తమ్ముడు పెళ్ళాన్ని తీసుకుని ఊరి ఆ చివరికి వెళ్ళిపోయాడు. కుళాయి ఇప్పటికీ కారుతూనే ఉంది. ఒకరింటి గడప ఒకరు తొక్కరు. ఆడవాళ్ళు కలుసుకునేది ఈ బల్ల దగ్గరే. మరిదికి దగ్గు తగ్గలేదని, బావగారు కళ్ళజోడు మార్చారని, రెండిళ్ళ కబుర్లూ ఇక్కడే చేతులు మారతాయి. సాయంత్రం ఇంటికెళ్ళాక పెద్దకోడలి మొగుడు గోడ వైపు చూస్తూ, "అక్కడంతా బాగానే ఉన్నారటా?" అని అడుగుతాడు. ఎవరని చెప్పడు. ఆవిడా ఎవరని అడగదు.

భుజం సంగతి కూడా ఆ హాల్లోనే మొదలైంది. తడిబట్టల బండి ఒకసారి వాలు మీద నుంచి జారిపోతుంటే పెద్దకోడలు వదిలెయ్యకుండా పట్టుకుంది. బండి ఆగింది, భుజం ఊడింది. ఆ రోజు డాక్టర్లే కీలు సరిచేసి పంపారు. రెండోసారి పై అరలోని దిండుగలీబు అందుకుంటుంటే జారింది. మూడోసారి నిద్రలో పక్కకు తిరుగుతుంటే. అప్పటినుంచి ఆవిడ కుడిచెయ్యి భుజానికి పైకి లేవలేదు. తల దువ్వుకునేది ఎడమచేత్తో, జాకెట్టు ముందు తొడిగేది కుడిచేతికి. బస్సులో ఎంత కుదుపుకైనా పైకమ్మీ పట్టుకునేది కాదు, ఎవరో ఒకరి మీద పడి తిట్లు తినేది.

నాలుగోసారి జారినప్పుడు చిన్నకోడలే ముందుకొచ్చింది. అక్కను బట్టల మూటల మీద కూర్చోబెట్టి, మణికట్టు రెండు చేతులా పట్టుకుని, ఊపిరి బిగబట్టి, మెల్లగా ముందుకు లాగింది. అరగంట పట్టింది. పెద్దకోడలి కేకలకు హాలంతా పోగైంది. ఆ తర్వాత పావుగంట, తర్వాత అయిదు నిమిషాలు. ఈ మధ్య అయితే పెద్దకోడలు కాస్త ముందుకు వంగి, చిన్నకోడలు చెయ్యి వేస్తే చాలు, కీలు దానంతట అదే లోపలికి పోయేది. "చిన్నకోడలి చేతిలో మందుంది" అనేవాళ్ళు హాల్లోవాళ్ళు. చిన్నకోడలు ఆ మాటకు పొంగిపోయేది. పెద్దకోడలు కూడా అదే నమ్మింది. సులువుగా ఎక్కుతోందంటే నయమవుతోందనేగా!

మూడేళ్ళ క్రితం ఒకసారి ఆపరేషను చేశారు. అప్పటి డాక్టరు ఎన్నిసార్లు జారిందని అడిగితే, పక్కనున్న చిన్నకోడలు గిల్లింది. నాలుగైదు సార్లని చెప్పారు. నిజం చెబితే మడతల పని నుంచి తీసేస్తారని ఇద్దరికీ భయం. డాక్టరు ఆ మాట నమ్మి, సాగిన పొరను కుట్టి పంపాడు. ఆ తర్వాత పదకొండో నెలలో, తడి దిండుగలీబు ఒకటి పిండుతుంటే కుట్లు తెగాయి.

ఈ రోజు పదకొండింటికి మళ్ళీ పైకి రమ్మన్నారు. వారం క్రితం భుజానికి తీసిన స్కాను ఫోటోలు వచ్చాయట. కొత్తగా వచ్చిన ఎముకల డాక్టరు చిన్న వయసుది, నవ్వకపోయినా మర్యాదస్తురాలు.

"ఎన్నిసార్లు జారిందమ్మా?"

"నాలుగైదు..." అంది పెద్దకోడలు.

"నాలుగైదు సార్లకు ఎముక ఇంత అరగదు. మిమ్మల్ని తప్పు పట్టడానికి కాదు, ఏ ఆపరేషను చెయ్యాలో తేల్చుకోవడానికి అడుగుతున్నాను."

చిన్నకోడలు ఉండబట్టలేకపోయింది. "నెలకు నాలుగైదండీ. అయినా దానికేం బెంగ లేదు, నేనే పెట్టేస్తాను. మొదట్లో తల ప్రాణం తోకకొచ్చేది. ఇప్పుడు వెన్నలో వేలు పెట్టినట్టు పోతుంది."

డాక్టరు తెరను వాళ్ళ వైపు తిప్పింది. "భుజం కీలంటే గిన్నెలో కూర్చున్న ఎముక గుండు. గిన్నెకు అంచు ఉంటేనే లోపలి గుండు నిలుస్తుంది. జారిన ప్రతిసారీ ఆ అంచు కాస్త కాస్త అరిగింది. ఇదిగో, ముందువైపు నాలుగో వంతు లేదు. అడ్డుకునే అంచు లేదు గనకే సులువుగా జారుతోంది, సులువుగా ఎక్కుతోంది. పోయినసారి పొరను కుట్టారు. ఎముకే లేనిచోట కుట్టు ఏం పట్టుకుంటుంది?"

చిన్నకోడలి మొహం పాలిపోయింది. "అంటే, నేను పెట్టినప్పుడల్లా..."

"మీరు పెట్టినందుకు కాదమ్మా. జారుతున్నా ఆవిడ అదే లాగుడు పని చేసినందుకు."

ఆ మాట చిన్నకోడలి చెవికెక్కలేదు.

డాక్టరు మిగతాది చెప్పింది. భుజం ముందువైపు నుంచే చిన్న ఎముక ముక్క తీసి, అరిగిన అంచుకు మరలతో బిగిస్తారు. చాలామందికి నిలుస్తుంది. నిలవాలంటే ఎముక అతుక్కోవాలి, మనిషి లాగుడు పని జన్మలో చెయ్యకూడదు. రేపు ఒక ఖాళీ ఉంది. ఒప్పుకుంటే సాయంత్రంలోగా కాగితం మీద సంతకం పెట్టి ఇవ్వాలి. ఆలస్యమై ఇంకా అరిగితే ఇదీ చెయ్యి దాటిపోతుంది.

కింద సూపర్‌వైజరు డాక్టరిచ్చిన కాగితం చదివి తల గోక్కున్నాడు. "కూర్చునే పనంటే కుట్టుగది ఒక్కటే ఉంది, పెద్దకోడలా. రోడ్డుకు అవతల. అది మధ్యాహ్నం షిఫ్టు మరి."

మధ్యాహ్నం షిఫ్టంటే చిన్నకోడలు ఇంటికి వెళ్ళేవేళకు పెద్దకోడలు పనికి వస్తుంది.

ఇద్దరూ మళ్ళీ బల్ల దగ్గరికి చేరారు. ముప్పై దుప్పట్లు మడిచారు. చిన్నకోడలు మూలలు పట్టుకుంటోందే తప్ప లాగడం లేదు. మడతలు వదులుగా వస్తున్నాయి.

"సంతకం పెట్టను" అంది పెద్దకోడలు చివరికి. "ఇన్నేళ్ళు నడిచింది, ఇంకో పదేళ్ళు నడవదా? జారితే నువ్వున్నావుగా."

చిన్నకోడలు తర్వాతి దుప్పటి అందుకుంది.

మూడు దాటాక ఒక దుప్పటి అంచు బండి చక్రంలో ఇరుక్కుంది. పెద్దకోడలు వంగి, చెయ్యి చాచి, కాస్త లాగింది. అంతే. నొప్పి కూడా పెద్దగా లేదు. భుజం ముందుకు దిగి, చెయ్యి పక్కన వేలాడింది. ఆవిడ అలవాటుగా వెళ్ళి మూటల మీద కూర్చుని, కొంచెం ముందుకు వంగింది.

చిన్నకోడలు కదల్లేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"రావే. ఆలస్యమైతే బిగుసుకుంటుంది."

"నేను పెట్టను."

"ఏమే, ఆటలా?"

"పెట్టనక్కా. ఇంకెప్పుడూ పెట్టను. నేను పెడుతున్నన్నాళ్ళూ నువ్వు సంతకం పెట్టవు."

పెద్దకోడలికి కోపం వచ్చింది. తర్వాత భయం వేసింది. చెయ్యి తనది కానట్టు బరువుగా వేలాడుతోంది. ఎడమచేత్తో దాన్ని ఒళ్ళోకి తీసుకుని, పసిపాపను ఎత్తుకున్నట్టు పట్టుకుంది.

"ఆ కుట్టుగదిలో నాకెవరున్నారే?" అంది. "ఇంటికెళ్ళాక మీ బావగారు అడిగితే ఏం చెప్పను?"

"ఏదో ఒకటి చెప్పు. అబద్ధాలు మనకేం కొత్తా?" చిన్నకోడలు నవ్వబోయింది, రాలేదు. "మేమంతా బాగానే ఉన్నామని చెప్పు. నీకు చెయ్యి ఉంటుందక్కా. అది చాలు."

యంత్రం తిరిగి తిరిగి ఆగింది. ఎవరూ వెళ్ళి దాని తలుపు తియ్యలేదు. చివరికి పెద్దకోడలు లేచి నిలబడి వీపు తిప్పింది. చిన్నకోడలు వెనక నుంచి ముడి విప్పి, వేలాడుతున్న చెయ్యి కదలకుండా, పనిలో చీర మీద కట్టుకునే నీలం పైబట్టను మెల్లగా తీసింది. ఆ తియ్యడంలో ఒక్కసారి ఆ భుజం మీద అరచెయ్యి ఆనించి, వెంటనే తీసేసింది.

పెద్దకోడలు చెయ్యి పొట్టకు ఆనించి పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి వెళ్ళింది. పైన డాక్టరు కీలు సరిచేసి పట్టీ కట్టాక, పట్టీలో నుంచే వేళ్ళు బయటకు చాచి, పెద్దకోడలు ఒప్పుకోలు కాగితం మీద తన పేరు వంకరటింకరగా రాసింది. కింద హాల్లో దుప్పటికి ఆవిడ వైపు చివరను సూపర్‌వైజరు పట్టుకున్నాడు. ఎప్పుడు ముందుకు నడవాలో ఆయనకు తెలియలేదు.

ఎముక అతుక్కుంది. ఏడాది తర్వాత తీసిన ఫోటోలో మరలు కదలకుండా ఉన్నాయని డాక్టరు మొదటిసారి నవ్వింది. ఆ భుజం మళ్ళీ జారలేదు. పెద్దకోడలు మళ్ళీ ఆ హాల్లోకి రాలేదు. కుట్టుగదిలో షిఫ్టు ముగిసి రాత్రి ఇల్లు చేరేసరికి మొగుడు నిద్రపోతుంటాడు. ఒకవేళ మెలకువగా ఉన్నా, గోడ వైపు చూస్తాడే తప్ప ఏమీ అడగడు.

హాలు తలుపు పక్కన అందరి పైబట్టలూ తలెత్తు మేకులకు వరసగా వేలాడతాయి. ఆ వరసకు చాలా కింద, నడుము ఎత్తులో, చిన్నకోడలు ఎప్పుడో అక్క కోసం ఇస్త్రీపెట్టె వెనకభాగంతో కొట్టిన వంకర మేకు ఒకటి ఉంది. దానికి ఒక నీలం పైబట్ట, ముడి విప్పిన నాడాలు నేలను తాకుతూ, అలాగే వేలాడుతోంది.