దొర్నిపాడు గుల్లలు

"బ్యాగు తీసుకో. రేపట్నుంచి ఈ కాలేజీలో కనపడొద్దు."

ప్రిన్సిపాల్ సుందరరాజు అరుపుకు నంద్యాల కాలేజీ ల్యాబు బిగుసుకుపోయింది. రీసెర్చ్ విద్యార్థి స్టీఫెన్ కదల్లేదు.

"నేను డబ్బా మూత గూడా తీయలేదు సార్. నిర్మల మేడం ఇచ్చింది ఇచ్చినట్టే హైదరాబాద్ ల్యాబుకు పంపించినా."

దొర్నిపాడు వంక గట్టులో దొరికిన శిలాజ గుల్లలవి. వేల ఏళ్లనాటివి. గుల్లలో సున్నపు పొరలుంటాయి, వాటిని కలిపి పట్టే ప్రొటీన్ ఉంటుంది. రెండూ చెడకుండా నిలిచాయని తేలితే లెక్చరర్ నిర్మల పరిశోధన గెలిచినట్టే. కానీ రిపోర్టు వేరేగా వచ్చింది. సున్నం పాతదే, పొరల్లో ఇంకింది మాత్రం కొత్త నూనె.

"మెరవాలని నువ్వే పూసినావు. దొంగ పని!"

"సాయంత్రం దాకా ఆగండి సార్," అంది నిర్మల. "సగం గుల్లలు ఆళ్లగడ్డలో మా ఇంట్లోనే ఉన్నాయి. వాటిని స్టీఫెన్ చూడను కూడా లేదు. తెస్తా, పోల్చి చూడండి."

ఆళ్లగడ్డలో ఉలుల చప్పుడు మధ్య ఆమె తండ్రి దేవసహాయం నల్లరాతి సింహానికి గుడ్డతో ఆముదం పట్టిస్తున్నాడు. శిల్పుల దగ్గర నునుపు పని ఆయనది.

"ఏంది పాపా, కాలేజీ లేదా?"

"నా డబ్బా యాడుంది నాయనా?"

"అటక మీద. సూస్తే మురిసిపోతావ్ పో."

మూత తీసింది. గుల్లలు నిగనిగలాడుతున్నాయి.

"పొడిబారి సచ్చినట్టుండె. పెద్దోళ్ల ముందర పెట్టేటివి గదా. నువ్వు ఇంటికి తెచ్చిన పొద్దు, పడుకున్నాక ఆముదం పట్టించినా. నూనె పూయకుండా బొమ్మను ఎవురన్నా బయటికి పంపుతారా?"

"ఈ డబ్బా ఒకటేనా?"

"రెండూ మ్మా. ఒకదానికి తక్కువ చేస్తానా?"

నిర్మల ఒక గుల్లను తీసి వెలుతురుకు పట్టి చూసింది. ఆమెకు నచ్చిందనుకున్నాడు ఆయన. "ఉండు, నేనూ వస్తా. మీ సారుకు నేనే సెప్తా," అని ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. బస్సులో నంద్యాల దాకా డబ్బాను ఒళ్లోంచి దించలేదు.

ల్యాబు బయట బెంచీ మీద తండ్రిని కూర్చోబెట్టి లోపలికి వెళ్లింది. స్టీఫెన్ గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడు. బ్యాగు భుజానికుంది.

"తెచ్చినారా? వీడే గదా?" అన్నాడు సుందరరాజు.

నిర్మల తలుపు వేయబోయింది. "తెరిచే ఉండనీ మ్మా," అన్నాడు దేవసహాయం, నవ్వుతూ. "నేనూ ఇంటా."

ఆమె చేయి గడియ మీదే ఆగిపోయింది.

"స్టీఫెన్ కాదు సార్. నూనె పూసింది మా నాయన. దేవసహాయం."