అమెరీషియం పక్కన క్యూరియం

పెళ్ళయ్యాక మళ్ళీ ఎమ్మెస్సీలో చేరిన నిఖితకు రేపు హిందూపురం కాలేజీలో అమెరీషియం, క్యూరియం అనే రెండు మూలకాల మీద సెమినార్. కిందటిసారి సగంలో మాట రాక ఏడుస్తూ దిగివచ్చింది. ఈసారీ అలాగే అయితే చదువు మానేస్తానంటోంది. ధర్మవరంలోని తమ పట్టుచీరల అంగట్లో మధ్యాహ్నం బేరాలు లేవు. అత్త అమృతవల్లి పరుపు మీద కూర్చుని, "నాకు చెప్పు, వింటా" అంది.

నిఖిత కాగితం చూస్తూ అమెరీషియం గురించి అంతా చెప్పి, క్యూరియం దగ్గరికి వచ్చేసరికి తడబడి ఆగిపోయింది.

"మొదటిది నేనప్పుడే మర్చిపోయినానమ్మా," అంది అత్త. "ఒక చీర మడిచిపెట్టేసి ఇంకోటి చూపిస్తే ఎవరు కొంటారు? రెండూ ఈడ పరుచు. అంచు పక్కన అంచు చూపించు."

నిఖిత కాగితం కింద పెట్టింది.

"రెండూ వెండిలా మెరిసే లోహాలే అత్తా. రెండూ మనుషులు తయారుచేసినవే, రేడియోధార్మికాలే."

"మరి తేడా యాడుండాది?"

"మన్నికలో. అమెరీషియం-241 సగానికి తరగాలంటే నాలుగు వందల ముప్పై ఏళ్ళకు పైనే పడుతుంది. క్యూరియం-244కు పద్దెనిమిదేళ్ళు చాలు. అందుకే అది వేడి ఎక్కువ పుట్టిస్తుంది."

"మీ మామ మాదిరి."

నిఖిత నవ్వుతూనే, ఎక్కడా ఆగకుండా చివరిదాకా చెప్పింది.

"సరే, ఏది కట్టమంటావు?" బేరగాళ్ళని అడిగినట్టే అడిగింది అత్త.

"రెండూ ఇంట్లో పెట్టుకునేవి కావత్తా."

"అట్లయితే రేపు మీ సార్లకే అంటగట్టి వద్దాం. నేనూ వస్తాండా, వెనక బెంచీలో కూర్చుంటా."

"అంగడి ఎవరు చూస్తారు?"

"ఉండాడు కదా, మీ క్యూరియం."