ఆముదం పంపు

పందెం కారు ఇంజన్‌లో పోసేది ఆముదమే. మామూలు నూనె ఆ వేడికి నీళ్ళైపోతుంది. అదే ఆముదాన్ని, భూస్వాముల తరఫున తిరిగే నల్లచొక్కాలవాళ్ళు కూలీసంఘం మనుషుల గొంతుల్లో పోసేవారు. సీసా ఖాళీ చేసి పొట్టమీద దుడ్డుకర్రలతో బాదేవారు. చచ్చినవాళ్ళు చచ్చారు. బతికినవాళ్ళని ఆ పాడైన లాగూలతోనే చర్చి ముందునుంచి నడిపించేవారు. ఆ ఏడాది రొమాన్యా ప్రాంతంలో ఇది చూడని ఊరు లేదు.

ఎజిస్తో బతికినవాళ్ళలో ఒకడు. అతని నోట్లో సీసా కుక్కినవాడు గ్వెల్ఫో బర్గెల్లి. భూస్వామి కొడుకు, నల్లచొక్కాల దండుకి నాయకుడు, కార్ల పందేల్లో పేరు మోసినవాడు. ఇవాళ్టి గ్రాండ్ ప్రీ పందెంలో ఆ గ్వెల్ఫో పక్కసీటు ఎజిస్తోది. షెడ్డు యజమాని కూర్చోమన్నాడు, మెకానిక్ కూర్చున్నాడు. కూర్చోనంటే ఆ జిల్లాలో ఇంకెక్కడా పని పుట్టదు.

పందెం మొదలయ్యే గీత దగ్గర కారు చుట్టూ దండు మూగింది. గ్వెల్ఫో కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఆముదం డబ్బా వాసన చూశాడు.

"ఏరా ఎజిస్తో, నోరూరుతోందా?"

అందరూ పడీపడీ నవ్వారు.

"తమరు తాగాక మిగిల్తే చూద్దాం దొరా."

"నాలుక బానే తిరుగుతోందే. ఆవేళ ఒక్క సీసాతో వదిలేశాను చూడు, నన్ననాలి." గ్వెల్ఫో వంగి అతని చెవి దగ్గర నోరు పెట్టాడు. "మీ అన్న ఒరెస్తె కూలీసంఘం ఇంట్లోనే పడుకుంటున్నాడట గదా. పందెం అవగానే లారీ ఎక్కుతున్నాం. పెట్రోలు కూడా పెట్టించాను. నువ్వు కారు తుడుచుకుంటూ ఉండు, మీ అన్న బూడిద నేను తెచ్చిస్తా."

ఎజిస్తో జనంవైపు చూశాడు. కబురు చెప్పి పంపడానికి తెలిసిన మొహం ఒక్కటీ లేదు. అంతా నల్లచొక్కాలే.

దండులో నాన్ని అనేవాడికి మాత్రం కాస్త అనుమానం వచ్చింది. "అన్నా, వీడు తోవలో ఏదన్నా తిక్కపని చేస్తేనో?"

"వీడా? నా పక్కనే కూచుంటాడ్రా. కారు తిరగబడితే వీడి బుర్ర మాత్రం మిగులుద్దా? ఏ మెకానిక్కూ తనెక్కిన కారు చెడగొట్టుకోడు."

నిజమే, ఏ మెకానిక్కూ చెడగొట్టుకోడు. దండు మొత్తం ఆ నమ్మకంమీదే బతుకుతోంది. ఎదుటివాడికి ప్రాణంమీద తీపి ఉన్నంతకాలం వీళ్ళకి ఢోకా లేదు.

జెండా ఊపారు.

తెల్లటి దుమ్ము, రాళ్ళు. ముందుకారు చక్రం చిమ్మిన గులకరాయి ఎజిస్తో చెంప చీల్చింది. అతని పని రెండే. వెనకనుంచి కారు వస్తే దొర భుజం తట్టాలి. ఎడమచేత్తో పంపు కొడుతూ ఇంజన్‌కి ఆముదం అందించాలి. కొట్టాడు. మొదటి చుట్టులోనే ఒక కారు వంతెన గోడకి గుద్దుకుంది. రెండోసారి వచ్చేసరికి డ్రైవరు ఇంకా గోడమీదే వేలాడుతున్నాడు, మెడపైన ఏమీ లేదు. పందెం ఆపలేదు. ఎందుకాపుతారు, డేరా కింద మంత్రిగారు కూర్చుని చూస్తున్నారు.

గ్వెల్ఫో ఆ గోడ పక్కనుంచి నవ్వుతూ తోలాడు. ముందున్న కారుని పొలంలోకి నెట్టేశాడు. అది పొర్లి పొర్లి తగలబడింది. ఇప్పుడు అందరికంటే ముందున్నది గ్వెల్ఫోనే. గెలుస్తాడు. గెలిచిన ఊపులో లారీ ఎక్కుతాడు.

పెద్ద చెట్లు వరసకట్టిన తిన్నటి రోడ్డు వచ్చింది. కారు ఎంత వేగం పోగలదో అంత వేగం పోతోంది.

ఎజిస్తో పంపుమీదనుంచి చెయ్యి తీసేశాడు.

ఆముదం ఒత్తిడి చూపించే ముల్లు పడిపోసాగింది. ముందు గ్వెల్ఫో చూడలేదు. చూశాక "కొట్టరా" అని అరిచాడు. ఎజిస్తో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. గ్వెల్ఫోకి తెలిసిన మందు ఒక్కటే. స్టీరింగ్ మీదనుంచి ఒక చెయ్యి తీసి మొహంమీద గుద్దాడు. ముక్కు చితికింది. ఇంకోటి గుద్దాడు, పళ్ళూడాయి. అక్కడ యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి కారు ఆపుకుని ఉంటే బతికేవాడు. మంత్రి ముందు ఆగిపోవడం ఎలా? పైగా కూలివాడు మాట వినడంలేదు, వాణ్ణి కొట్టకుండా ఎలా? మూడోసారి చెయ్యెత్తాడు.

ఇంజన్ బిగుసుకుపోయింది. వెనక చక్రాలు అక్కడికక్కడ ఆగాయి. కారు బొంగరంలా తిరిగి చెట్టుకి కొట్టుకుంది. ఎజిస్తో ఎగిరి కాలవ గట్టుమీద పడ్డాడు. తొడ ఎముక బయటికొచ్చింది. గ్వెల్ఫో ఎగరలేదు. స్టీరింగ్ కడ్డీ ఛాతీలోంచి సీటులోకి దిగిపోయింది.

సాయంత్రం వెలుగుండగానే లారీ వచ్చింది, పెట్రోలు డబ్బాలతో సహా. నాన్ని డబ్బాలు దింపించి శవానికి చోటు చేయించాడు. ఎజిస్తో మెడకింద చెయ్యి వేసి సారా పట్టించాడు.

"పంపు పట్టేసిందా తమ్ముడూ? పాపం, నువ్వేం చేస్తావులే."

తర్వాత అందరూ శవం చుట్టూ వరసకట్టారు. చచ్చినవాడి పేరు పిలవడం, మిగతావాళ్ళంతా వాడి బదులు పలకడం ఆ దండు ఆచారం.

"గ్వెల్ఫో బర్గెల్లి."

"ఉన్నాడు."

"గ్వెల్ఫో బర్గెల్లి."

"ఉన్నాడు."

ఎజిస్తో పలకలేదని నాన్ని గమనించాడు. దగ్గరకొచ్చి బూటుతో మెల్లగా తట్టాడు. "నువ్వూ అనాలి తమ్ముడూ. ఆయన పక్కన కూచున్నోడివి." మళ్ళీ పిలిచాడు. "గ్వెల్ఫో బర్గెల్లి."

ఎజిస్తో నోట్లోని రక్తం ఉమ్మేశాడు.

"లేడు," అన్నాడు. "పంపు నేనే ఆపాను."

కర్రలు లేచాయి. చీకటి పడేదాకా కొట్టారు. అతనిలో కదలిక ఆగిపోయాక, పెట్రోలు డబ్బాలు అక్కడే వదిలేసి గ్వెల్ఫో శవాన్ని ఎక్కించుకుని, చర్చి గంటలు మోగిస్తున్న పట్నంవైపు లారీ తిప్పారు. ఒరెస్తె ఉన్న ఊరు రెండోవైపు.