చోటు చెప్పేసిన మీటరు

నేను ఒక ఆక్సిజన్ మీటరును. మార్చి తొమ్మిది ఉదయం ఆరున్నరకు, సముద్రం ఆటులో ఉండగా, కాకినాడకు దక్షిణాన ఒక బురదమేటలోకి ఇరవై ముగ్గురు కూలీలు పారలతో దిగారు. రొయ్య పిల్లలను పుట్టించే హేచరీకి బురద పురుగులు కావాలి. తల్లి రొయ్యలకు అవి మేత. పన్నెండయ్యేసరికి ఆ మేటలో పురుగు లేదు. ఆ చోటు సంగతి నాలోంచే బయటికి వెళ్లింది.

నన్ను పుణెలో ఒక షెడ్డులో బిగించారు. మొదట భీమవరం దగ్గర ఒక రొయ్యల చెరువు ఆసామి కొన్నాడు. ఆయన నా అంకె చూసేవాడు, రొయ్యలు కొనడానికి వచ్చినవాడికి వేరే అంకె చెప్పేవాడు. నా పని కొలవడం వరకే అని అప్పుడు తెలిసింది. ఆయన చెరువు ఎండగట్టాక విశాఖలో ఒక ప్రయోగశాల నన్ను తీసుకుంది. సూదిమొన తగిలించి, పరిశోధన చేస్తున్న శర్వాణి చేతికిచ్చింది.

శర్వాణిని ఆ మేటకు తీసుకెళ్లింది పెమ్మాడి కాటమ్మ. ముప్పై ఏళ్లుగా అక్కడ బురదలో బతికే గుల్లలు ఏరి, లోపలి మాంసం అమ్ముకుని బతుకుతోంది. గుల్లలు దొరికే చోటు అక్కడివాళ్లు ఒకరినొకరు అడగరు, చెప్పరు. పురుగుల మీద ఇంత శ్రద్ధ పెట్టిన మనిషిని కాటమ్మ అంతకుముందు చూడలేదు. అందుకని చూపించింది.

"జొరం చూసే గొట్టంలాగుందే. బురదకి జొరమా, అమ్మాయిగోరూ?"

"ఊపిరి ఆడుతుందో లేదో చూస్తుందండీ," అంది శర్వాణి.

"పురుగున్నకాడ ఆడుద్ది. లేనికాడ కుళ్లిన గుడ్డు కంపు. దానికి గొట్టమెందుకు, ముక్కు సాలదా?"

ముక్కు చెప్పింది నిజమే. బొరియలు లేనిచోట మూడు మిల్లీమీటర్ల లోతుకే నా అంకె సున్నా. బొరియ పక్కన ఎనిమిది సెంటీమీటర్ల లోతులోనూ అంకె పలికింది. పురుగు బొరియలో ఒళ్లు ఊపుతూ పైనీటిని లోపలికి తోడుతుంది. ఆ నీటితో వెళ్లిన ఆక్సిజన్ చుట్టూ ఉన్న బురదకు అందుతుంది. కుళ్లిన గుడ్డు కంపు కొట్టే విషవాయువు పేరుకోదు. గుల్ల బతుకుతుంది.

"ఈ మేట సంగతి ఎవురికీ సెప్పకండేం. పురుగులోళ్లు దిగితే మా గుల్ల సచ్చిపోద్ది."

"ఒట్టు, కాటమ్మగారూ."

అంకెతో పాటు చోటు కూడా నాలో నమోదవుతుంది. ఆ సంగతి కాటమ్మకు ఎవరూ చెప్పలేదు.

జనవరిలో నివేదిక రాస్తూ శర్వాణి కాటమ్మ పేరు తీసేసింది. చోటు కూడా తీసేయబోతే ఆమె పరిశోధన చూసే గైడు ఒప్పుకోలేదు. "ఎక్కడ కొలిచావో చెప్పకపోతే ఎవరు నమ్ముతారమ్మా?" శర్వాణి రెండు రోజులు ఆగింది. మూడోరోజు పటం జతచేసి పంపింది. నివేదిక అందరికీ దొరికేలా అచ్చయింది. పురుగులు ఎందుకు ఉండాలో పద్నాలుగు పేజీలు, ఎక్కడ ఉన్నాయో ఒక పేజీ. హేచరీవాళ్లు ఆ ఒక్క పేజీ చదివారు.

ఏప్రిల్ రెండున శర్వాణి నన్ను మళ్లీ అక్కడికి తెచ్చింది. కాటమ్మ మేట అంచున నిలబడి ఉంది.

"ఆళ్లకి ఎవురు సెప్పారండీ?"

శర్వాణి నన్ను ఎత్తి చూపించింది. "చోటు ఇందులో పడిపోతుందండీ. దానంతటదే."

"హేచరీ దాకా కూడా దానంతటదే నడిసెళ్లిందా?"

శర్వాణి బురదలోకి నడిచింది. నన్ను ఇరవై చోట్ల దింపింది. ఇరవై చోట్లా రెండు మిల్లీమీటర్ల కింద సున్నా.

పోటు వచ్చేలోగా కాటమ్మ మూడు గంటలు ఏరింది. పదకొండు గుల్లలు దొరికాయి. తొమ్మిది నోరు తెరిచి ఉన్నాయి. వాటిలో బురద తప్ప ఏమీ లేదు.